సూదా, ఆపరేషనా, గోలీలా: ప్రోస్టేట్ క్యాన్సర్ హార్మోన్ వైద్యంలో ఏది ఎవరికి

మా నాయినకు ప్రోస్టేట్ (మగవాళ్లకు మూత్రసంచి కింద ఉండే గ్రంథి) క్యాన్సర్ అని తేలిన రోజు డాక్టర్ మా ముందు రెండు దారులు పెట్టారు. మూడు నెలలకొక సూది వేయించుకుంటారా, చిన్న ఆపరేషన్ చేసి వృషణాలు తీసేయమంటారా? వారంలో చెప్పండి అన్నారు. దేవరకొండ బస్సెక్కి ఇల్లు చేరేదాకా మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఏది ఎందుకు మంచిదో, మా ఊరి నుంచి ఏది జరిగే పనో ఆ వారం రోజుల్లో ఎవరైనా తెలుగులో చెప్తే బాగుండని చాలాసార్లు అనుకున్నాను. నేను డాక్టర్ను కాను. నాలుగేళ్లుగా నాయిన ఫైలు పట్టుకుని తిరుగుతున్న కొడుకును. అడిగి తెలుసుకున్నవి, మేం తప్పు చేసి నేర్చుకున్నవి రాస్తున్నాను. మీ డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలిస్తే చాలు.

నల్లగొండ వాళ్లకు ముందుగా ఒక మాట. మా వైపు నడుం నొప్పి అంటే ఫ్లోరైడే గుర్తొస్తుంది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు దిక్కు వంగిన నడుములను చూస్తూ పెరిగినవాళ్లం. నాయిన నొప్పిని కూడా ఏడాదిపాటు ఆ లెక్కలోనే వేశాం. ఎక్స్‌రేలో ఎముకలు తెల్లగా, చిక్కగా కనిపిస్తే ఫ్లోరోసిస్ అని నొప్పి గోలీలు ఇచ్చి పంపారు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకినా ఎక్స్‌రేలో అలాగే తెల్లగా కనిపిస్తుందని మాకు తెలియదు. వయసు పైబడిన మగమనిషికి నడుం నొప్పి కొత్తగా మొదలై, రాత్రి పడుకున్నా తగ్గకుండా, మూత్రం ధార కూడా సన్నబడితే, ప్రోస్టేట్ జబ్బును పట్టిచ్చే పీఎస్‌ఏ రక్త పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లో పుట్టినంత మాత్రాన ప్రతి నొప్పీ ఫ్లోరైడ్ నొప్పి కాదు.

అసలు ఈ వైద్యం ఎవరికి

ప్రోస్టేట్ క్యాన్సర్ కణం మగ హార్మోన్ టెస్టోస్టెరాన్‌ను తాగి బతుకుతుంది. పొలం లెక్కలో చెప్తే అది కలుపు, హార్మోన్ దానికి అందే నీళ్లు. ఆ నీళ్లలో నూటికి 90 నుంచి 95 వంతులు వృషణాల నుంచి వస్తాయి. అది పెద్ద కాలువ. మిగిలింది ఎక్కువగా కిడ్నీల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి వస్తుంది. అది గట్టు పక్కన చిన్న బోరు. కాలువ కట్టేస్తే కలుపు వాడిపోతుంది. 1941లో అమెరికాలో చార్లెస్ హగ్గిన్స్ అనే సర్జన్ ఈ సంగతి చూపించాడు. వృషణాలు తీసేశాక, జబ్బు ఎముకలకు పాకినవాళ్లకు కూడా నొప్పులు తగ్గాయి. 1966లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆపరేషన్ చేసే పనినే సూదితో చేయడం 1980లలో మొదలైంది.

క్యాన్సర్ అనగానే అందరికీ హార్మోన్ వైద్యం అక్కర్లేదు. జబ్బు గ్రంథి దాటకుండా, బయాప్సీలో (ముక్క తీసి చేసే పరీక్ష) జబ్బు ఎంత దూకుడుగా ఉందో చెప్పే గ్లీసన్ స్కోరు 6 మాత్రమే ఉంటే చాలామందికి క్రమం తప్పకుండా పరీక్షలు చేస్తూ గమనించడమే సరిపోతుంది. అలాంటి పెద్దమనిషికి ఎవరైనా వెంటనే సూదులు మొదలుపెట్టమంటే ఇంకో డాక్టర్‌ను అడగండి. రేడియేషన్ పెడుతున్నవాళ్లకు తోడుగా కొంతకాలం ఇస్తారు. జబ్బు తిరగబడే ప్రమాదం మధ్యస్థంగా ఉంటే 4 నుంచి 6 నెలలు, ఎక్కువగా ఉంటే ఏడాదిన్నర నుంచి మూడేళ్లు. ఇలా గడువున్న వైద్యానికి సూదే సరైనది. ఆపేస్తే హార్మోన్ మళ్లీ వచ్చే అవకాశం ఉంటుంది. ఆపరేషన్ మాట అక్కడ రాకూడదు.

జబ్బు ఎముకలకో, దూరంగా ఉన్న లింఫ్ గ్రంథులకో పాకినవాళ్లకు ఇది దాదాపు జీవితకాలపు వైద్యం. సూదా ఆపరేషనా అన్న ప్రశ్న నిజంగా వచ్చేది వీళ్లకే. జబ్బును పూర్తిగా తీసేస్తుందని ఆశ పెట్టుకోకూడదు గానీ, ఏళ్లకు ఏళ్లు అణచి ఉంచుతుంది. మంచంలో ఉన్న మనిషి లేచి పొలంకాడికి పోవడం నేను మా ఇంట్లోనే చూశాను.

ఆపరేషనా, సూదా

మొదట ఒక అపోహ తీసేయాలి. "ఆపరేషన్ అయితే మనిషి దెబ్బతింటాడు, సూది అయితే ఏం కాదు" అని మా బంధువుల్లో సగంమంది అన్నారు. అది నిజం కాదు. రెండూ చేసేది ఒకే పని, టెస్టోస్టెరాన్‌ను డెసిలీటర్‌కు 50 నానోగ్రాముల కంటే కిందికి దించడం. ఒంట్లో ఉన్నట్టుండి సెగ పుట్టడం, కోరిక తగ్గడం, అంగం గట్టిపడకపోవడం, కండ కరగడం, పొట్ట పెరగడం, నీరసం, ఇవన్నీ ఆ హార్మోన్ పోవడం వల్ల వచ్చేవి. సూదితో పోయినా అంతే, కత్తితో పోయినా అంతే. జబ్బును అణచడంలోనూ రెండూ సమానమే. కాబట్టి ఏది బలమైన మందు అని ఆలోచించి లాభం లేదు. ఏది మీ ఇంట్లో తప్పకుండా జరుగుతుంది అన్నది ఆలోచించాలి.

ఆపరేషన్ చిన్నది. నడుముకు మత్తు ఇచ్చి గానీ, అక్కడికి మాత్రం మత్తు ఇచ్చి గానీ అరగంట, ముప్పావు గంటలో ముగిస్తారు. చాలామందిని అదే రోజో మర్నాడో ఇంటికి పంపుతారు. సగం రోజు గడిచేసరికి టెస్టోస్టెరాన్ అడుక్కు చేరుతుంది. ఆ తర్వాత తేదీలు లేవు, సూది ఖర్చు లేదు, బస్సు తప్పిపోవడం లేదు. సంచి ఖాళీగా కనిపిస్తుందని బాధపడేవాళ్లకు పై తొడుగు ఉంచి లోపలి గుజ్జు మాత్రమే తీసే పద్ధతి ఉంది, అడగండి. లోటు ఒక్కటే, వెనక్కి తిరిగి రాలేం. అది చిన్న లోటు కాదు. నాయిన మొదట వినగానే "నన్ను కోడెకు విత్తులు కొట్టినట్టు కొడ్తరా బిడ్డా?" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. డెబ్బై దాటినా మగవాడికి అది తన ఒంటిలో భాగమే. ఖర్చు తక్కువ అని చెప్పి బలవంతంగా ఒప్పించడం తప్పని నాకు ఆ రోజే అర్థమైంది. మేం సూదులే మొదలుపెట్టాం.

సూదుల్లో రెండు రకాలు. ఎక్కువగా వాడేవి లూప్రోలైడ్, గోసెరెలిన్, ట్రిప్టోరెలిన్. నెలకు, మూడు నెలలకు, కొన్ని ఆరు నెలలకు ఒకసారి వేసేవి ఉన్నాయి. ఇవి మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిని ఆగకుండా పని చేయించి అలసిపోయేలా చేస్తాయి. ఆపకుండా తిప్పితే మోటారు కాలిపోయినట్టు. అందుకే మొదటి వారం పది రోజులు టెస్టోస్టెరాన్ తగ్గకపోగా పెరుగుతుంది. అడుక్కు చేరడానికి మూడు, నాలుగు వారాలు పడుతుంది. ఆ పెరిగే రోజుల్లో నొప్పి ఎక్కువ కావచ్చు, మూత్రం బిగుసుకోవచ్చు. వెన్నెముకలో గడ్డ ఉంటే నరాలు నలిగి కాళ్లు పడిపోయే ప్రమాదమూ ఉంది. దీనికి కాపుగా సూదికి కొన్ని రోజుల ముందు నుంచి బైకాలుటమైడ్ గోలీలు ఇచ్చి, కొన్ని వారాలు కొనసాగిస్తారు. మీ చీటీలో ఆ గోలి లేకపోతే సూది వేయించుకునే ముందే అడగండి.

రెండో రకం డెగారెలిక్స్. దీనికి ఆ మొదటి పొంగు లేదు, మూడు రోజుల్లో పని పూర్తవుతుంది. మొదటిసారి 240 మిల్లీగ్రాములు, ఆ తర్వాత నెలనెలా 80 పొట్ట చర్మం కింద వేస్తారు. వేసిన చోట ఎర్రబడి రెండు రోజులు నొప్పి ఉంటుంది. ప్రతి నెలా వెళ్లాలి, ఖర్చూ ఎక్కువే. వెన్నుపాము మీద ఒత్తిడి ఉండి, తొందరగా హార్మోన్ దిగాలంటే ఇదైనా కావాలి, ఆపరేషన్ అయినా కావాలి. ఆ పరిస్థితిలో మొదటి రకం సూది ఒక్కటే వేసి పంపడం సరికాదు. గుండెపోటు వచ్చినవాళ్లు కూడా ఈ రకం గురించి గుండె డాక్టర్‌తో కలిపి అడగడం మంచిది. ఇదే పని చేసే రోజువారీ గోలి రెలుగోలిక్స్ కూడా ఉంది. మర్చిపోతే హార్మోన్ త్వరగా తిరిగొస్తుంది కాబట్టి, మతిమరుపు ఉన్న పెద్దవాళ్లకు నేనైతే ఒప్పుకోను.

సూదికి ఒక మేలు ఉంది. పీఎస్‌ఏ బాగా దిగితే కొంతకాలం ఆపి, పెరిగితే మళ్లీ మొదలుపెట్టే పద్ధతి కొందరికి కుదురుతుంది. ఆపిన నెలల్లో ఒళ్లు తేలికపడుతుంది. అయితే అది ముఖ్యంగా జబ్బు ఎముకలకు పాకకుండా పీఎస్‌ఏ మాత్రమే పెరుగుతున్నవాళ్ల సంగతి. పాకినవాళ్లకు ఆపకుండా ఇవ్వడమే మామూలు. అప్పుడు "సూది అయితే ఎప్పుడైనా ఆపొచ్చు" అన్న ఓదార్పుకు పెద్ద విలువ ఉండదు. డెబ్బై దాటినవాళ్లకు ఏళ్ల తరబడి వాడి ఆపినా హార్మోన్ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు కూడా.

మాకు జరిగింది చెప్తాను. రెండో ఏడు పత్తి ఏరే రోజుల్లో కూలీలు దొరకక, నేను హైదరాబాద్‌లో పని వదిలి రాలేక, మూడు నెలల సూది ఐదు వారాలు ఆలస్యమైంది. నాయిన "నొప్పి లేదు కదా, పోదాం తీయ్" అన్నాడు, నేనూ సరేనన్నాను. నొప్పి తిరిగి వచ్చాక పరీక్ష చేస్తే పీఎస్‌ఏ పెరిగింది, టెస్టోస్టెరాన్ కూడా పెరిగింది. కాలువ గేటు మేమే తెరిచాం. ఆ తప్పు నాదే. ఆ తర్వాత నాయినే "ఇగ తిరుగుడు నాతోని కాదు, ఆపరేషనే చేపియ్యి" అన్నాడు. అప్పుడు చేయించాం.

అందుకే నా మాట ఇది. జబ్బు ఎముకలకు పాకి, వయసు డెబ్బై పైన ఉండి, ఊరు పట్నానికి దూరమై, వెంట వచ్చే మనిషి తక్కువైతే, పెద్దాయన మనసు ఒప్పుకుంటే, ఆపరేషన్. వయసు తక్కువ, జబ్బు కొద్దిగానే పాకింది, రేడియేషన్ కూడా ఉంది, లేదా ఆయన మనసు ఒప్పుకోవడం లేదు అంటే సూది. సందేహంగా ఉన్నా సూదితోనే మొదలుపెట్టండి. సూది నుంచి ఆపరేషన్‌కు ఎప్పుడైనా మారొచ్చు. పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు పోయినవాళ్లైతే చీటీ, ఫైలు వెంట ఉంచుకుంటే మూడు నెలల సూది అక్కడి దవాఖానలో కూడా వేయించుకోవచ్చు. పండక్కి ఊరికొచ్చినప్పుడు వేయించుకుందాం అనే లెక్క మాత్రం పెట్టుకోకండి.

ఇంకో చిన్న సంగతి. కొన్ని సూదులు ఫ్రిజ్‌లో ఉండాలి. నల్లగొండ మే ఎండలో చేతిసంచిలో పెట్టుకుని బస్సులో తెస్తే మందు పాడవుతుంది. కొనేటప్పుడే అడిగి ఐస్ డబ్బాలో తెచ్చుకోండి, లేదా వేసే చోటే కొనండి.

అసలు తేడా రెండో మందుతో వస్తుంది

సూదా ఆపరేషనా అని మేం ఆ వారమంతా తలలు బద్దలు కొట్టుకున్నాం. అంతకంటే పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉందని తర్వాత తెలిసింది. జబ్బు పాకినవాళ్లకు కాలువ ఒక్కటే కడితే చాలదు. ఇప్పటి వైద్యంలో మొదటి నుంచే దానికి తోడు ఇంకో మందు ఇస్తారు. అబిరాటెరాన్ తోడుగా ఇస్తే మరణ ప్రమాదం మూడో వంతుకు పైగా తగ్గినట్టు 2017లో లాటిట్యూడ్, స్టాంపీడ్ అనే రెండు పెద్ద పరిశోధనలు చూపించాయి. కాబట్టి డాక్టర్ దగ్గర తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఇది: "సూదితో పాటు ఇంకే మందు ఇస్తున్నారు? ఇవ్వకపోతే ఎందుకు?"

అబిరాటెరాన్ చేసేది ఆ పక్క బోరును, అంటే అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే హార్మోన్‌ను కూడా ఆపడం. దీనితో రోజూ ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ గోలి తప్పనిసరి. ఆ గోలీని మనంతట మనం మానేయకూడదు. మామూలు మోతాదు రోజుకు 1000 మిల్లీగ్రాములు, ఖాళీ కడుపున. తిన్న రెండు గంటల తర్వాత వేసుకోవాలి, వేసుకున్నాక గంటదాకా తినకూడదు. అన్నంతో వేసుకుంటే రక్తంలోకి ఎక్కే మందు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఈ గుణాన్నే వాడుకుని, ఖర్చు తగ్గించడానికి కొందరు డాక్టర్లు 250 మిల్లీగ్రాములు టిఫిన్‌తో ఇస్తారు. భరించలేని కుటుంబాలకు అది మంచి దారి. కానీ ఏ మోతాదుకు ఏ పద్ధతి అన్నది డాక్టర్ చెప్పినట్టే నడవాలి. 1000 మిల్లీగ్రాముల మోతాదును అన్నంతో మింగితే ప్రమాదం. బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది, లివర్ మీద ప్రభావం పడొచ్చు. మొదటి మూడు నెలలు తరచుగా రక్త పరీక్షలు చేయాలి. షుగర్ అదుపులో లేనివాళ్లకు స్టెరాయిడ్ ఇబ్బంది.

ఎంజాలుటమైడ్, అపాలుటమైడ్, డారోలుటమైడ్ అనేవి నీళ్లు ఆపవు, కలుపు వేరు నోరు మూస్తాయి. వీటికి స్టెరాయిడ్ అక్కర్లేదు. ఎంజాలుటమైడ్‌తో నీరసం, తూలి పడటం ఎక్కువ. మూర్ఛ వచ్చినవాళ్లకు మంచిది కాదు. అపాలుటమైడ్‌తో ఒంటి మీద దద్దులు, థైరాయిడ్ తేడాలు వస్తాయి. డారోలుటమైడ్ మెదడులోకి తక్కువగా వెళ్తుంది కాబట్టి పెద్దవాళ్లకు సులువు, రోజుకు రెండుసార్లు అన్నంతో వేసుకోవాలి. షుగర్ ఎక్కువ ఉంటే వీటిలో ఒకటి, బీపీ షుగర్ అదుపులో ఉండి డబ్బు చూసుకోవాల్సి వస్తే అబిరాటెరాన్. నేను అడిగినచోటల్లా దాదాపు ఇదే విన్నాను.

చాలామంది చీటీల్లో బైకాలుటమైడ్ 50 ఒక్కటే ఏళ్ల తరబడి నడుస్తూ ఉంటుంది. సూది మొదట్లో వచ్చే పొంగుకు అది కావాలి, కానీ పైన చెప్పిన మందులకు అది సాటి కాదు. అబిరాటెరాన్ దొరికే అవకాశం ఉండి కూడా బైకాలుటమైడ్‌తోనే సరిపెట్టుకుంటున్నారంటే మరోసారి అడగండి. ఒళ్లు గట్టిగా ఉండి జబ్బు ఎక్కువచోట్ల ఉన్నవాళ్లకు డోసిటాక్సెల్ కీమో మూడు వారాలకోసారి ఆరుసార్లు కలుపుతారు. జబ్బు కొన్ని చోట్లే ఉంటే ప్రోస్టేట్‌కు రేడియేషన్ ఇవ్వడమూ మేలు చేస్తుంది.

ఎముకలు, ఒళ్లు, మనసు

హార్మోన్ పోతే ఎముకలు గుల్లబారతాయి. దీన్ని కనిపెట్టడానికి ఎముక సాంద్రత స్కాన్ చేస్తారు. ఫ్లోరోసిస్ ఉన్నవాళ్లకు ఆ స్కాన్‌లో సాంద్రత ఎక్కువగా కనిపిస్తుంది, కానీ ఆ ఎముక పెళుసు. నంబరు బాగుందని ధీమా పడకుండా, ఫ్లోరైడ్ ఊరివాళ్లమని డాక్టర్‌కు ముందే చెప్పండి. హైదరాబాద్ డాక్టర్‌కు అది తట్టకపోవచ్చు. ఎముకలకు జోలెడ్రోనిక్ యాసిడ్ గానీ డెనోసుమాబ్ గానీ ఇవ్వాలనుకుంటే, ముందు పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లి పుచ్చిన పళ్లు తీయించుకోవాలి. మందు మొదలయ్యాక పన్ను పీకితే దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది. జోలెడ్రోనిక్‌కు ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష కూడా చూస్తారు.

జబ్బు మనిషి అని మంచంలో పడుకోబెట్టకండి. కండ నిలిచేది పని చేస్తేనే. ఎముకలు విరిగే స్థితి లేదని డాక్టర్ చెప్పాక, నడక, కూర్చుని లేవడం, చిన్న బరువులు ఎత్తడం రోజూ చేయాలి. గుడ్లు, పప్పు, పాలు తగ్గించొద్దు. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ చూస్తూ ఉండాలి.

మనసు సంగతి ఎవరూ మాట్లాడరు. నాయిన చిన్నదానికే కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. అది పిరికితనం కాదు, హార్మోన్ లేకపోవడం. అమ్మకు ఈ వైద్యం వల్ల ఏమేం మారతాయో ఎవరూ చెప్పలేదు. తనమీద కోపమనుకుని ఆమె ఏడాది నలిగిపోయింది. భార్యను కూడా డాక్టర్ గదిలోకి తీసుకెళ్లండి. కొడుకులు చెప్పలేని మాటలు డాక్టర్ చెప్తారు.

డబ్బు, దవాఖాన

2007 ఏప్రిల్‌లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదట ప్రారంభమైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో పరిమితిని 10 లక్షలకు పెంచారు. ఆపరేషన్‌కు వర్తిస్తుందా, సూదికి వర్తిస్తుందా, గోలీలు ఇస్తారా అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలుగా దవాఖానలోని ఆరోగ్యమిత్రను అడగాలి. ఒకదానికి అవునంటే అన్నిటికీ అవుననుకోవద్దు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ దవాఖాన, పంజాగుట్ట నిమ్స్, బసవతారకం దవాఖాన మన వైపు వాళ్లు ఎక్కువగా వెళ్లే చోట్లు. 2019లో కేంద్రం 42 క్యాన్సర్ మందుల మీద వ్యాపారి లాభం 30 శాతం దాటకూడదని కట్టడి చేసింది. అయినా ఒకే మందుకు కంపెనీని బట్టి ధర చాలా మారుతుంది. చీటీ మీద మందు అసలు పేరు రాయించుకుని నాలుగు షాపుల్లో అడగండి.

ఒకే సంచిలో బయాప్సీ రిపోర్టు, స్కాన్ డిస్కులు, పీఎస్‌ఏ, టెస్టోస్టెరాన్ ఫలితాలు తేదీల వరుసలో పెట్టుకోండి. పీఎస్‌ఏ పెరిగిందంటే వెంటనే మందు పనిచేయడం లేదని అనుకోవద్దు. అదే రోజు టెస్టోస్టెరాన్ కూడా చూపించండి. అది 50 కంటే పైన ఉంటే సూది తేదీ తప్పిందో, సూది సరిగా పడలేదో చూడాలి. 50 కంటే కింద ఉండి కూడా పీఎస్‌ఏ వరుసగా పెరుగుతుంటే కలుపు లోతుకు వేళ్లు దింపుకుందని అర్థం. అప్పుడు మందు మారుస్తారు, కానీ సూది ఆపరు.

నడుం నొప్పితో పాటు కాళ్లు బరువెక్కినా, మొద్దుబారినా, మూత్రం ఆగినా తెల్లారేదాకా చూడకండి. ఆ రాత్రే బండి కట్టించుకుని పెద్ద దవాఖానకు వెళ్లి, ప్రోస్టేట్ క్యాన్సర్ ఉందని, వెన్నుపాము మీద ఒత్తిడి పడిందేమో చూడమని గేటు దగ్గరే చెప్పండి. కాళ్లలో కదలిక ఉండగా వెళ్తే నడక దక్కే అవకాశం ఎక్కువ.